బండి కెక్కని సామాను



ఇల్లు మారవలెనన్నంతనే మనము మంచములను, బీరువాలను, ఇత్తడి బిందెలను లెక్కపెట్టుకొందుము. పలాస, కాశీబుగ్గ, టెక్కలి ప్రాంతములనుండి ఉద్యోగమునకో, పిల్లల చదువులకో విశాఖపట్టణమునకు తరలు కుటుంబములు నేడు సామాను నంతయు కట్టి చేరవేయు సంస్థల కప్పగించుచున్నవి. కాని వారు సర్వమును గైకొనరు. ఆ సంగతి తెలియక, లారీ వాకిట నిలిచిన వేళ ఏమి చేయుటకును తోచక నిలుచు గృహిణులు పెక్కండ్రు. వారు వలదను వస్తువులు మూడు తెగలు: మండునవి, చెడునవి, పోయిన మరల రానివి.

గ్యాసు సిలిండరు, కిరసనాయిలు, పెట్రోలు, బాణసంచా, ఆమ్లము గల బ్యాటరీ మొదటి తెగలోనివి. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను మన తీరమును దాటిన పిమ్మట దీపములు లేక గడిపిన రాత్రులను తలచుకొని కిరసనాయిలు డబ్బా దాచుకొనువారు మనలో నుండవచ్చును. దానిని పాత్రల నడుమ నిమిడ్చి పంపకుడు. మూసిన బండిలో ఆవిరి నిండినచో ఒక్క నిప్పురవ్వ చాలును. లారీవారు వలదన్నారని రైలులో గొనిపోవుటయు నేరమే. 1989 నాటి రైల్వే చట్టము ప్రకారము మూడేండ్లవఱకు ఖైదు విధింపవచ్చును. సిలిండరు మన సొత్తు కాదు, కంపెనీది. దానిని, రెగ్యులేటరును ఏజెన్సీలో ఒప్పగించి, ధరావతు సొమ్మును, బదిలీ పత్రమును పుచ్చుకొనుడు. ఆ పత్రము చూపినచో క్రొత్త యూర కనెక్షను లభించును.

మాగిన పనసపండు, ఆవకాయ జాడీ, తులసి కుండీ రెండవ తెగ. జాడీమూతికి ఎంత గట్టిగా వాసెన కట్టినను బండి కుదుపులకు నూనె యొలికి పట్టుచీరలను పాడుచేయును. పచ్చి జీడిపిక్కలను బట్టలతో కలుపరాదు. పెంకులోని జీడినూనె చర్మమును పొక్కించును. ఊరగాయ కొంచెము చిన్న సీసాలలో చేతనుంచుకొని, మిగిలినది ఇరుగుపొరుగులకు పంచుడు. తులసిమొక్కను పొరుగింట నొప్పగించి, గింజలు మూటగట్టుకొనుడు.

మూడవ తెగ నగలు, నగదు, దస్తావేజులు. 1865 నాటి వాహకుల చట్టము, నూఱు రూపాయలకు మించిన బంగారమును, నగలను, ఆస్తి పత్రములను ముందుగా తెలిపి యప్పగింపనిచో, అవి పోయినపుడు సాధారణముగా వాహకునకు బాధ్యత లేదనెను. 2007లో దాని స్థానమున క్రొత్త చట్టము వచ్చినను, ఇట్టి వస్తువులను మన చేతనే యుంచుకొనుట మేలు.

అయితే మన ఉద్దానమున బంగారముకంటె విలువైన మూట యొకటి కలదు. మూత్రపిండముల వ్యాధి ఇచ్చట ఎన్ని యిండ్లను బాధించుచున్నదో మీ రెఱుగుదురు. నే నెఱిగిన యొక యిల్లాలు, డయాలసిస్ చేయించుకొను భర్త కాగితములను బీరువా సొరుగులో నుంచి తాళము వేసినది. బీరువా లారీ కెక్కినది. లారీ రెండు దినములు ఆలస్యమైనది. క్రొత్త ఆసుపత్రిలో రక్తపరీక్షల ఫలితములు చూడనిదే యంత్రముపై నెక్కింపమనిరి. మరల పరీక్షలు జరుగువఱకు, కాళ్లు వాచి ఆయాసపడుచున్న భర్తను ఆమె బల్లపై కూర్చుండబెట్టుకొని యుండవలసి వచ్చినది. ప్రాణాపాయము తప్పినది, కాని ఆ పగలు తన కొక యేడుగా గడచిన దని యామె నాతో ననెను.

కావున సామాను కట్టుట కారంభింపకమునుపే ఒక చేతిసంచి వేఱుగా నుంచుడు. అందు రోగి చీటీలు, రక్తపరీక్షల ఫలితములు, డయాలసిస్ పుస్తకము, పది దినములకు సరిపడు మందులు, ఆరోగ్య పథకపు కార్డు, ఆధార్ కార్డు ఉండవలెను. ఊరు విడువకమునుపే క్రొత్త ఆసుపత్రివారితో మాటలాడి, యే దినమున రావలెనో నిశ్చయించుకొనుడు. బీరువా రెండు దినములు ఆలస్యముగా వచ్చినను ఇల్లు గడచును. ఆ సంచి మాత్రము మీ యొడిలోనే ప్రయాణము చేయవలెను.