హాజరు పట్టీలో పేరుంటే చాలా?

చెవులు వినపడని పిల్ల బడికొస్తుంది. హాజరు పట్టీలో పేరుంది. మధ్యాహ్నం పళ్ళెంలో అన్నముంది. పంతులు నల్లబల్ల వైపు తిరిగి పాఠం చెప్తుంటే ఆ పిల్లకు కనపడేది ఆయన వీపే. సర్కారు దీన్ని ‘సమ్మిళిత విద్య’ అంటోంది. మనం దీన్ని చదువు అందామా?

పంతుల్ని తిట్టి లాభం లేదు. ఒక్క మనిషి రెండు మూడు తరగతులు సాకే బళ్ళు మన ఊళ్ళల్లో ఎన్ని లేవు! అందుకే ఒకే గదిలో ఇద్దరు టీచర్లు కావాలంటున్నాం. ఒకరు పాఠం చెప్తుంటే రెండోవారు అదే పాఠాన్ని సైగలతోనో, బ్రెయిలీతోనో, బొమ్మలతోనో అందించాలి. ఒక్కోసారి తరగతిని రెండు గుంపులు చేసి చెరొకటి పట్టాలి. రేపేం చెప్పాలో ముందే ఇద్దరూ కూర్చుని అనుకోవాలి. సహ బోధన అంటే ఇదే.

అంతేగాని రెండో టీచరు ఆ పిల్లను వరండాలో విడిగా కూర్చోబెడితే అది వెలివేతే. తరగతిలో విడిగా గోనెపట్టా మీద కూర్చుని చదివిన అంబేడ్కర్ వారసులం మనం. ఆ బాధేంటో మనకొకరు చెప్పక్కర్లేదు.

ఇదేమీ దానం కాదు, హక్కు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యమున్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ళ దాకా చదువు ఉచితం. ఊరి బడా, ప్రత్యేక బడా అన్నది వాళ్ళిష్టం. ఇలాంటి పిల్లలు ప్రాథమిక బళ్ళలో 10 మందికి, ఆపై తరగతుల్లో 15 మందికి ఒక ప్రత్యేక టీచరు ఉండాలని, సుప్రీంకోర్టు 2021 తీర్పు తర్వాత, కేంద్రం 2022లో నిబంధన పెట్టింది. పోస్టులు ప్రకటించి నింపమని 2025 మార్చిలో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు మళ్ళీ చెప్పాల్సొచ్చింది!

‘మీ ఊళ్ళో ఒక్క పిల్లే కదా’ అంటారు అధికారులు. అయితే నాలుగైదు బళ్ళకు కలిపి ఒక టీచర్ని వెయ్యండి. ఏ రోజు ఏ బడో గోడ మీద రాయండి. భవిత కేంద్రాల రిసోర్స్ టీచర్లు ఏళ్ళ తరబడి కాంట్రాక్టు జీతానికి ఊళ్ళు తిరిగారు. వాళ్ళ కడుపు నిండకుండా మన పిల్లల చదువు సాగదు.

అమ్మలారా, అయ్యలారా! బిడ్డను ఇంట్లో దాచకండి. బడి కమిటీ మీటింగుకి వెళ్ళండి. రెండో టీచరు ఎప్పుడొస్తారని అడగండి. అడిగింది తీర్మానంలో రాయించండి. కార్యకర్తలారా! ఆ తీర్మానం పట్టుకుని మండల విద్యాధికారి దగ్గరికి మీరు కదలండి. కాగితం మీదున్న హక్కు బల్ల మీదికి రావాలంటే నలుగురం కలిసి అడగాల్సిందే.