ఇంజను బాగైంది, గేరుబాక్సు మొరాయించింది

పుదుచ్చేరి పట్టణంలో ఆటోమేటిక్ కారు నడిపేవారికి దాని గేరుబాక్సు గుణదోషాలు త్వరగా తెలిసిపోతాయి. గళ్ళుగళ్ళుగా తీర్చిన ఆ వీధులలో కూడలి కూడలికీ కారు నెమ్మదించాలి, మళ్ళీ వేగం అందుకోవాలి. కొద్ది నిమిషాలలోనే గేరు అనేకసార్లు మారుతుంది. ఇంజను మరమ్మతు చేయించుకుని వచ్చిన పాత కారు అక్కడ కుదుపుతోనో, ఆలస్యంగానో గేరు మారిస్తే యజమాని గుండె గుభేలుమంటుంది. “గేరుబాక్సు కూడా విప్పాలి” అనే మాట వినిపించడానికి ఆట్టే సేపు పట్టదు.

ఆ మాటకు తల ఊపే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: మునుపు లేని జబ్బు మరమ్మతు కాగానే ఎందుకు వచ్చింది? ఇంజను దించేటప్పుడు గేరుబాక్సు లోపలి భాగాలను ఎవరూ ముట్టుకోరు. కాని ఆ రెండింటినీ కలిపే గొట్టాలనూ, తీగలనూ, బోల్టులనూ విప్పక తప్పదు. మొదట వెదకవలసింది అక్కడే.

తొలి పరీక్ష ఆయిలుది. గేరుబాక్సు ఆయిలును చల్లబరచే గొట్టాలు చాలా కార్లలో రేడియేటరు దాకా వెళతాయి. వాటిని విప్పినప్పుడు కారిపోయిన ఆయిలును తిరిగి నింపకపోతే క్లచ్చి పలకలు జారతాయి. ఆయిలు మట్టాన్ని కారుతో వచ్చిన పుస్తకం చెప్పిన పద్ధతిలోనే చూడాలి.

రెండవది వాక్యూమ్ గొట్టం. 1976లో వచ్చిన మెర్సిడెస్ బెంజ్ డబ్ల్యూ 123 డీజిలు కార్లు ఇందుకు మంచి ఉదాహరణ. డీజిలు ఇంజను తగినంత వాక్యూమ్ పుట్టించలేదు గనుక దానికి ప్రత్యేకంగా ఒక పంపు వుంటుంది. ఇంజను ఎంత బరువు లాగుతున్నదో గేరుబాక్సుకు తెలియజేసేది ఆ వాక్యూమే. సన్నని గొట్టం ఒకటి ఊడితే చాలు, ఇంజను నిండుబలంతో లాగుతున్నదనుకుని గేరుబాక్సు పీడనం పెంచి, దెబ్బ కొట్టినట్లు గేరు మారుస్తుంది. దోషం రబ్బరు గొట్టానిది, నింద గేరుబాక్సుది.

మూడవది యాక్సిలరేటరుతో ముడిపడిన కేబులు. కొన్ని గేరుబాక్సులలో పీడనాన్ని నిర్ణయించేది ఇదే. అది వదులైతే గేర్లు తొందరగా, మెత్తగా మారతాయి. నడపడానికి హాయిగానే వుంటుంది. కాని పీడనం చాలక క్లచ్చి పలకలు జారి మాడిపోతాయి. కుదుపుకంటె ఈ మెత్తదనమే ప్రమాదకరం.

నాలుగవది ఇంజనును కారు శరీరంతో కలిపే ఎర్తు పట్టీ. సముద్రపు ఉప్పుగాలికి దాని కొనలు చిలుమెక్కుతాయి. తుడవకుండా బిగిస్తే విద్యుత్తు సరిగా ప్రవహించదు. ఎలక్ట్రానిక్ గేరుబాక్సు తికమకపడుతుంది.

వీటిలో చాలా భాగం కొద్ది సేపట్లో తేలిపోయే పరీక్షలే. గేరుబాక్సు విప్పిన తర్వాత గొట్టం ఊడినదని తెలుసుకోవడం కొండను త్రవ్వి ఎలుకను పట్టడమే.

అయితే రెండు సందర్భాలలో ఉపేక్ష తగదు. ఏ గేరులోనూ కారు కదలక, ముందుభాగాన కీచుమని రొద వస్తే వెంటనే ఇంజను ఆపాలి. టార్క్ కన్వర్టరు సరిగా కూర్చోకుండానే బోల్టులు బిగిస్తే లోపలి ఆయిలు పంపు విరిగిపోతుంది. ఇక ఆయిలు నల్లబడి మాడువాసన వేస్తుంటే అరుగుదల నిజమే. బలహీనపడిన ఇంజను చాటున దాగిన ఆ అరుగుదలను బలం పుంజుకున్న ఇంజను బయటపెట్టింది.

కనుక ఇంజను మరమ్మతుకు ఇచ్చే ముందే మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని కారు నడపండి. ఏ వేగం దగ్గర ఏ గేరు మారుతున్నదో కాగితం మీద వ్రాసుకోండి. రేపు తగవు వస్తే తీర్పు చెప్పేది ఆ కాగితమే.