కాలేజీలు ఇక్కడ, పెత్తనం ఎక్కడో

ఇచ్ఛాపురంలో డిగ్రీ చదివిన కుర్రాడి మార్కుల జాబితాలో పేరు తప్పు పడితే వాళ్ల ప్రిన్సిపాల్ దిద్దలేరు. సవరణ దరఖాస్తు ఎచ్చెర్లలోని డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ విశ్వవిద్యాలయానికి చేరాల్సిందే. 2008కి ముందైతే విశాఖే దిక్కు. ఎచ్చెర్లలోని ఆంధ్రా వర్సిటీ పీజీ కేంద్రాన్ని ఆ ఏడాది విశ్వవిద్యాలయంగా మార్చడంతో దూరం తగ్గింది. పెత్తనం తీరు మాత్రం మారలేదు.

అన్నిచోట్లా ఇదే తీరు కాదు. ఆక్స్‌ఫర్డ్‌లో కాలేజీలు వర్సిటీకి కింది గుమాస్తాలు కావు. ఎవరి ఆస్తి వారిది, ఎవరి పాలకవర్గం వారిది. డిగ్రీ విద్యార్థులను ఎంచుకునేది కాలేజీలే. పరీక్ష, పట్టా వర్సిటీవి. ఆ వర్సిటీలో చివరి మాట కూడా ప్రధానంగా అధ్యాపకులతో నిండిన సభదే.

మనకు దిగుమతైంది ఈ పద్ధతి కాదు, పరీక్షలు పెట్టి పట్టాలిచ్చే నాటి లండన్ పద్ధతి. 1857లో మద్రాసు వర్సిటీ అలాగే పుట్టింది. విజయనగరం రాజావారి బడి మొదలైందీ ఆ సంవత్సరమే. 1879లో అది మహారాజా కళాశాల అయింది. 1926లో ఆంధ్రా వర్సిటీ వచ్చాక దాని మీద అజమాయిషీ మద్రాసు నుంచి చేతులు మారింది, అంతే. ఆ కళాశాల తర్వాత స్వయంప్రతిపత్తి సంపాదించుకుంది. సిలబస్, ప్రశ్నపత్రం, మూల్యాంకనం సొంతం. పట్టా మీద పేరు మాత్రం వర్సిటీదే.

2022లో జేఎన్‌టీయూ కాకినాడను చీల్చి విజయనగరంలో గురజాడ పేరిట మరో వర్సిటీ పెట్టారు. ఇంజినీరింగ్ కాలేజీలకు గుర్తింపు ఇచ్చే కార్యాలయం దగ్గరైంది. మంచిదే. కానీ ఎచ్చెర్ల లాంటి వర్సిటీలను నడిపించే 1991 నాటి చట్టం ప్రకారం పాలక మండలిలో హోదా రీత్యా వచ్చే అధికారులు పోను మిగతావారిని ప్రభుత్వమే నామినేట్ చేస్తుంది. అనుబంధ కాలేజీలు తమ ప్రతినిధిని తామే ఎన్నుకుని పంపే వీల్లేదు. తనిఖీ బృందానికి లెక్కలు అప్పజెప్పడం, గుర్తింపు ఫీజు, పరీక్ష ఫీజు కట్టడం వాటి వంతు.

2020 జాతీయ విద్యా విధానం పదిహేనేళ్లలో అనుబంధ పద్ధతికే స్వస్తి అంటోంది. మహారాజా కళాశాల లాంటి పాతకాపులు తట్టుకోగలరు. సబ్జెక్టుకు ఒక్క లెక్చరరే ఉన్న పల్లె కాలేజీ సొంతంగా ప్రశ్నపత్రం తయారుచేసి, దిద్ది, నిలబడగలదా? ఖాళీలు నింపకుండా ఇచ్చే స్వేచ్ఛ గెంటివేత అవుతుంది. ముందు పోస్టులు భర్తీ చేయాలి. ఎచ్చెర్ల పాలక మండలిలో అనుబంధ కాలేజీలు ఎన్నుకున్న ఇద్దరు అధ్యాపకులకైనా చోటిచ్చేలా శాసనసభ చట్టాన్ని సవరించాలి.