సుఖాపేక్ష పాపమా? ఎపిక్యురస్, తొలి క్రైస్తవాచార్యులు, ఉపనిషదానందం

విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలోని రామతీర్థం ఉత్తరాంధ్ర భక్తులకు సీతాలక్ష్మణసమేత శ్రీరామచంద్రుని దివ్యక్షేత్రం. ఆ క్షేత్రసమీపాననే గురుభక్తులకొండపై ఇటుకలతో నిర్మితమైన బౌద్ధ స్తూప, చైత్య, విహారాల శిథిలాలున్నాయి. అక్కడి కొండలపై జైన తీర్థంకరుల శిలాప్రతిమలు ఉన్నాయి. క్రీ.శ. 1011 నుండి 1018 వరకు పాలించిన తూర్పు చాళుక్య ప్రభువు విమలాదిత్యుని కాలపు గుహాశాసనమొకటి, ఆ రాజుకు గురువైన దేశిగణాచార్యుడు త్రికాలయోగి సిద్ధాంతదేవముని రామకొండకు భక్తితో నమస్కరించిన సంగతిని తెలుపుతున్నది.

ఒకే క్షేత్రంలో నెలకొన్న ఈ మూడు మార్గాలూ ఒకే ప్రశ్నకు సమాధానాలు వెదికాయి. సర్వప్రాణులూ సుఖాన్నే అభిలషిస్తున్నాయి. ఆ అభిలాషను మానవుడు ఏమి చేయాలి? బౌద్ధం దుఃఖనిరోధాన్ని లక్ష్యంగా నిలిపింది. జైనం ముక్తజీవునికి అనంతసుఖం స్వభావమేనని చెప్పింది. రామభక్తుడు తన ఇష్టదైవనామాన్ని ‘రమ్’ ధాతువు నుండి వ్యుత్పన్నం చేసి, యోగులు ఏ తత్త్వంలో రమిస్తారో ఆ తత్త్వమే రాముడని భావిస్తాడు. ఈ మూడూ విషయసుఖానికి బద్ధుడు కావడాన్ని నిందించాయే తప్ప, సుఖాపేక్షకు మూలమైన జీవధర్మాన్ని నిందించలేదు.

అయినప్పటికీ నేటి ఆధ్యాత్మిక ప్రసంగాలలో రెండు మాటలు తరచుగా వినవస్తాయి. సుఖాన్ని కోరడమే పాపమన్నది మొదటిది. గ్రీకు తత్త్వవేత్త ఎపిక్యురస్ పాశ్చాత్యుల చార్వాకుడని, తినడం, త్రాగడం, అనుభవించడం తప్ప ఆయన వేరేమీ బోధించలేదని రెండవది. ఇవి రెండూ నిజం కావు. రెండవ మాట ఎలా పుట్టిందో తెలిస్తే మొదటి మాటలోని లోపం కూడా సాధకునికి తేటపడుతుంది.

ఎపిక్యురస్ క్రీ.పూ. 341లో సామోస్ ద్వీపంలో జన్మించి, క్రీ.పూ. 270లో ఏథెన్స్‌లో మరణించాడు. అక్కడ ఆయన నెలకొల్పిన గురుకులానికి ‘ఉద్యానం’ అని పేరు. స్త్రీలకు, దాసులకు కూడా అందులో ప్రవేశం ఉండేది. సుఖమే జీవితానికి ఆద్యంతాలని ఆయన సిద్ధాంతం. అయితే సుఖమనే పదానికి ఆయన ఇచ్చిన అర్థం దేహంలో బాధ లేకపోవడం, మనస్సులో కల్లోలం లేకపోవడం. కోరికలను ఆయన మూడుగా విభజించాడు: సహజమై అవసరమైనవి, సహజమై అనవసరమైనవి, సహజమూ అవసరమూ కాని వట్టి భ్రమలు. ఆకలి మొదటి తరగతికి, విశేషభోజ్యాలు రెండవ తరగతికి, కీర్తికిరీటాలపై మోజు మూడవ తరగతికి చెందుతాయి. ఆకలిగొన్నవానికి రొట్టె, నీరు పరమసుఖాన్నిస్తాయని మెనోకియస్ అనే శిష్యునికి వ్రాశాడు. ఒకరిని ధనవంతుని చేయదలచితే ధనం పెంచకుండా కోరికను తగ్గించమని మరొక మిత్రునికి సలహా ఇచ్చాడు. అవసానదినాన మూత్రావరోధంతో తీవ్రవేదన పడుతూ కూడా, పూర్వం మిత్రులతో జరిపిన తత్త్వచర్చల స్మరణ ఆ వేదనను ఎదుర్కొంటున్నదని లేఖలో తెలిపాడు. ఇవి భోగలాలసుని లక్షణాలు కావు. క్షణికసుఖమే పురుషార్థమని చెప్పినవాడు ఆయనకు పూర్వికుడైన సైరీన్ వాసి అరిస్టిప్పస్. లోకం ఒకరి మతాన్ని మరొకరికి అంటగట్టింది.

ఎపిక్యురస్ నాస్తికుడు కూడా కాడు. దేవతలున్నారని, వారు నిత్యసుఖులని అంగీకరించాడు. అయితే వారు జగద్వ్యాపారంలో జోక్యం చేసుకోరని, ఆత్మ పరమాణుసంఘాతం గనుక దేహంతోనే విచ్ఛిన్నమవుతుందని వాదించాడు. దైవభయం, మరణభయం తొలగితేనే మనస్సుకు శాంతి అని ఆయన నిశ్చయం.

తొలి క్రైస్తవంతో విరోధం ఏర్పడింది సరిగా ఇక్కడే. పునరుత్థానం, అంతిమతీర్పు, భగవంతుని పాలన లేనిదే ఆ మతానికి ఆధారం లేదు. ఏథెన్స్‌లో పౌలు బోధించినప్పుడు ఎపిక్యురియన్లు, స్టోయిక్కులు ఆయనతో వాదించారని అపొస్తలుల కార్యములలోని 17వ అధ్యాయం తెలుపుతున్నది. రెండవ శతాబ్దాంతానికి అలెగ్జాండ్రియా వాసి క్లెమెంట్ ఎపిక్యురస్‌ను నాస్తికత్వానికి ఆద్యుడన్నాడు. కార్తేజ్ వాసి టెర్టులియన్ రోమన్ల వినోదప్రదర్శనలను ఖండిస్తూ, సుఖంపై విముఖతను మించిన సుఖం లేదన్నాడు. నాల్గవ శతాబ్దారంభంలో లాక్టాన్షియస్ తన ప్రధానగ్రంథంలో ఎపిక్యురస్ మతాన్ని తీవ్రంగా ఖండించాడు. ఎపిక్యురస్ ఉద్యానం వరాహాల మంద అన్న పరిహాసం అంతకు ముందు నుండే రోమన్ సాహిత్యంలో ఉన్నది. కవి హొరేస్ తన్ను తాను ఆ మందలోని పందినని హాస్యంగా చెప్పుకున్నాడు. ఆ హాస్యమే కాలక్రమాన నిందగా స్థిరపడింది.

ఈ సంబంధంలో కేవలం వైరమే ఉన్నదనుకోవడం తగదు. తత్త్వాభ్యాసాన్ని యువకుడు వాయిదా వేయరాదు, వృద్ధుడు విసుగు చెందరాదు అన్న ఎపిక్యురస్ వాక్యాన్ని అదే క్లెమెంట్ మెచ్చుకోలుగా ఉదాహరించాడు. దుష్టత్వం ఉన్న జగత్తులో సర్వశక్తుడు, దయామయుడు అయిన దేవుడెలా సాధ్యమనే ప్రసిద్ధమైన ఆక్షేపాన్ని ఎపిక్యురస్ పేరిట మనవరకు చేర్చినది అదే లాక్టాన్షియస్ రచన. మరణానంతరం ఆత్మ ఉంటుందని, కర్మకు తగిన ఫలం ఉంటుందని తాను నమ్మి ఉండకపోతే తన మనస్సులో విజయం ఎపిక్యురస్‌కే దక్కేదని అగస్టీన్ తన ఆత్మకథాగ్రంథంలో అంగీకరించాడు. ఇక బాహ్యలోకం దృష్టిలో వీరిరువురూ ఒక్కటే. అబోనొటీకస్‌లో అలెగ్జాండర్ అనే కపటప్రవక్త తన ఉత్సవాలనుండి క్రైస్తవులను, ఎపిక్యురియన్లను ఒకే ప్రకటనతో వెళ్ళగొట్టేవాడని లూసియన్ వ్రాశాడు. ఊరూరా మిత్రమండలులు, లేఖల ద్వారా ఉపదేశం, స్త్రీలకూ దాసులకూ స్థానం అనే లక్షణాలు ఉద్యానానికీ తొలి క్రైస్తవసంఘాలకూ ఉమ్మడి. తమకు సమీపంలో ఉన్నవారినే ఆ ఆచార్యులు అత్యంత వికృతంగా చిత్రించారు.

వారిని తప్పుపట్టే ముందు మన ఇంటివైపు చూడవలసి ఉంది. చార్వాకుల మూలసూత్రాలు నేడు సమగ్రంగా లభించవు. వారిని గురించి మనకు తెలిసినది అధికభాగం ప్రతిపక్షుల గ్రంథాల నుండి, ప్రధానంగా 14వ శతాబ్దపు మాధవాచార్యుని సర్వదర్శనసంగ్రహం నుండి వచ్చినదే. అప్పు చేసి నేయి త్రాగమన్న ప్రసిద్ధశ్లోకాన్ని ప్రతి ప్రవచనంలోనూ వింటాము. వారి జ్ఞానమీమాంసను మాత్రం ఎవరూ వివరించరు. భారతీయవాదపద్ధతిలో పూర్వపక్షం చెప్పేవాడు ప్రతివాది కూడా అవునని తలయూపేటట్లు చెప్పాలి. అలా చెప్పని ఖండనం గడ్డిబొమ్మపై చేసిన యుద్ధం. దానివల్ల ప్రతివాదికి కలిగే నష్టం స్వల్పం; వినే సాధకుడు తన సిద్ధాంతబలమేమిటో తెలుసుకోలేకపోవడమే మహానష్టం.

మరి ఎపిక్యురస్‌ను యథార్థంగా గ్రహించిన పిమ్మట ఆయనపై నిలిచే ఆక్షేపమేది? ఆయన సుఖాన్ని కోరాడన్నది ఆక్షేపం కాజాలదు. సుఖానికి దుఃఖాభావమే పరమావధి అని, అది పూర్తయిన తరువాత సుఖం రకాలు మారుతుందే గాని వృద్ధి చెందదని ఆయన నిర్ణయించాడు. ఈ నిర్ణయం మన దర్శనాలకు అపరిచితం కాదు. న్యాయసూత్రకారుడు గౌతముడు అపవర్గాన్ని దుఃఖాత్యంతవిమోక్షంగా నిర్వచించాడు. మోక్షంలో నిత్యసుఖం ఉన్నదన్న వాదాన్ని భాష్యకారుడు వాత్స్యాయనుడు నిరాకరించాడు. అటువంటి ముక్తి శిలాత్వం వంటిదని శ్రీహర్షుడు నైషధీయచరితం 17వ సర్గలో పరిహాసం చేయించాడు; ఆ పరిహాసాన్ని నాస్తికపాత్ర నోట పలికించడం గమనార్హం. ఆత్మను నిత్యమన్న నైయాయికుడు, అనిత్యమన్న ఎపిక్యురస్ పరమార్థలక్షణంలో ఇంత సమీపానికి రావడం ఆలోచింపదగిన విషయం.

వేదాంతం ఆగని చోటు అదే. తైత్తిరీయోపనిషత్తులోని ఆనందమీమాంస భోగనిందతో ప్రారంభం కాదు. యౌవనం, విద్య, దృఢత్వం, బలం, ధనపూర్ణమైన పృథివి, ఇవన్నీ కలిగిన మానవుని ఆనందాన్నే ఒక ప్రమాణంగా స్వీకరిస్తుంది. అక్కడి నుండి ఒక్కొక్క మెట్టు నూరింతలుగా గంధర్వులు, పితృదేవతలు, దేవతలు, ఇంద్రుడు, బృహస్పతి, ప్రజాపతి మీదుగా బ్రహ్మానందం వరకు అధిరోహిస్తుంది. మనుష్యగంధర్వుల మెట్టు మొదలుకొని ప్రతి మెట్టువద్దా కామోపహతుడు కాని శ్రోత్రియునికి ఆ ఆనందం ఇక్కడనే సిద్ధమని చెబుతుంది. కోరికను తగ్గిస్తే సంపద పెరుగుతుందన్న ఎపిక్యురస్ మాట ఇంతవరకు ఉపనిషత్తుకు తోడు నడుస్తుంది. కాని ఆయన కోరిక తగ్గించి బాధారహితస్థితిలో విశ్రమించాడు. ఉపనిషత్తు ఆ నిష్కామస్థితిని ద్వారంగా చేసుకొని, ఆనందం ఆత్మస్వరూపమేనన్న జ్ఞానానికి తీసుకొనిపోతుంది. దేహంతోపాటు నశించే ఆత్మను అంగీకరించినవానికి ఆ ద్వారం తెరుచుకోదు. ఆయనతో వేదాంతికి గల అసలు విభేదం ఇదే.

ఈ విచారణవల్ల భక్తునికి కలిగే ప్రయోజనం స్పష్టమే. రామతీర్థంలో బిడ్డ ఆరోగ్యానికి, పంటకు, ఋణవిముక్తికి మొక్కుకొనేవారిని సుఖాపేక్షులని తక్కువ చేసే విజ్ఞులున్నారు. గీత ఏడవ అధ్యాయం ఆర్తుని, అర్థార్థిని, జిజ్ఞాసువును, జ్ఞానిని సుకృతులుగా ఒకే వరుసలో లెక్కించి, జ్ఞానికి వైశిష్ట్యం చెబుతూనే అందరూ ఉదారులే అన్నది. ధర్మానికి విరోధం కాని కామం తానేనని ఆ అధ్యాయంలోనే భగవానుడు చెప్పాడు. అందువలన సుఖం కోరి వచ్చినవానికి పాపభయం కలిగించడం శాస్త్రసమ్మతం కాదు. అతని కోరిక ఏ తరగతికి చెందినదో వివేచించుకొనే శక్తిని, అది తీరిన తరువాత కూడా మిగిలే వెలితికి కారణమేమిటో అడిగే ధైర్యాన్ని అతనికి కలిగించాలి. మొదటి పనిలో ఏథెన్స్ ఉద్యానంలోని వృద్ధుడు కూడా సాయపడగలడు. రెండవ పని గురూపదేశంతో, శ్రవణమననాలతో జరుగవలసినది.