చావు తీరును బట్టి చదువా?

ఏటా అక్టోబరు 21న పరేడ్ మైదానాల్లో తుపాకులు తలకిందులు చేసి, విధి నిర్వహణలో ప్రాణాలు వదిలిన పోలీసుల పేర్లు చదువుతారు. 1959లో అదే రోజు లద్దాఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పులకు పదిమంది పోలీసులు బలయ్యారు. ఆ స్మరణలో తూటా తగిలినవాడూ, రాత్రి హైవే మీద డ్యూటీలో ఉండగా లారీ గుద్దినవాడూ ఒకే వరుసలో ఉంటారు. పిల్లల చదువు దగ్గరికొచ్చేసరికి ఆ వరుస చెదిరిపోతుంది.

ప్రధానమంత్రి స్కాలర్‌షిప్పునే తీసుకోండి. 2019 మే 31న కేంద్రం దాన్ని అబ్బాయిలకు నెలకు 2,000 రూపాయల నుంచి 2,500కు, అమ్మాయిలకు 2,250 నుంచి 3,000కు పెంచింది. రాష్ట్ర పోలీసుల పిల్లలకూ చోటిచ్చింది. మంచి పనే. కానీ తండ్రి ఉగ్రవాదుల దాడిలోనో, నక్సలైట్ల దాడిలోనో చనిపోయి ఉండాలి. అదీ దేశం మొత్తానికి ఏడాదికి 500 మందికే. మరి లారీ కింద పడ్డ కానిస్టేబుల్ కూతురు ఏం కావాలి? 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవు పేలుళ్లలో 66 మంది ఫైర్‌మెన్ చనిపోయారని ఇప్పటికీ అగ్నిమాపక వారోత్సవాలు జరుపుతున్నాం. 2019 నిర్ణయంలో ఫైర్‌మన్ బిడ్డ ఊసే లేదు.

దక్కినవారికైనా అమ్మాయికి ఏడాదికి 36,000. హైదరాబాద్‌లో పేరున్న ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల్లో కన్వీనర్ కోటా ఫీజే లక్ష దాటింది. హాస్టలు ఖర్చు వేరే.

ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉందిగా అంటారు. తెలంగాణలో బీసీ, ఈబీసీ పిల్లలకు కుటుంబ వార్షికాదాయం పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు మించకూడదు. కానిస్టేబుల్ జీతం ఆ గీత ఎప్పుడో దాటేసింది.

ఇంట్లో ఒకరికి కారుణ్య నియామకం ఇస్తున్నాం కదా అనేవారూ ఉన్నారు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే. ఇంటి పెద్దదిక్కు పోయాక డిగ్రీ చదివే పెద్దకొడుకు పుస్తకాలు మూసి తండ్రి ఉద్యోగంలో చేరతాడు. చెల్లెలి ఫీజు వాడి మొదటి జీతంలోంచే కట్టాలి. ఉద్యోగమిచ్చి ఇల్లు నిలబెట్టాం, నిజమే. వాడి చదువు మాత్రం అక్కడే ఆగింది.

రెండు తెలుగు రాష్ట్రాల ముఖ్యమంత్రులకూ నా విన్నపం ఒక్కటే. విధి నిర్వహణలో పోయిన పోలీసు, ఫైర్‌మన్, హోంగార్డు ఎవరైనా సరే, ఎలా పోయారని అడగకుండా వారి పిల్లల కాలేజీ ఫీజు, హాస్టలు ఖర్చు చదువు పూర్తయ్యేదాకా ప్రభుత్వమే భరించాలి. వచ్చే అక్టోబరు 21న ఆ పేర్లు చదివేలోపు జీవో తీసుకురండి.