డప్పు ముందు మైకు

గత దసరా సెలవులలో మా విద్యార్థులు కామాఠిపురమందలి ఒక చాలు నడవాలో, బతుకమ్మను సాగనంపునప్పటి డప్పును ఫోనులో రికార్డు చేసి తెచ్చిరి. వినగా రేకుడబ్బా మ్రోతయే గాని డప్పు లేదు! వారికి ముందుగా చెప్పకపోవుట మా తప్పే.

ఫోను మాట కొరకు అమర్చినది. పెద్ద మ్రోత రాగానే అణచివేయును. పైగా బాలురు దానిని చర్మమునకు జానెడు దూరమున పట్టిరి. కుడిచేతి సిర్ర గంభీరముగను, ఎడమచేతి సిటికెనపుల్ల సన్నముగను పలుకును. ఆ రెండును గాలిలో కలియుటకు కొంత ఎడము కావలయును.

ఒక్క మైకే ఉన్నచో నాలుగైదడుగుల దూరమున, వాయించువాని రొమ్మెత్తున నిలుపవలెను. గట్టి దెబ్బకు తట్టుకొను డైనమిక్ మైకు చాలును. 1965లో వచ్చిన షూర్ ఎస్ఎం57 నేటికిని స్టూడియోలలో డ్రమ్ముల ముందు కనబడుచున్నది. రెండు మైకులున్నచో రెంటిని డప్పునకు సమదూరమున ఉంచవలెను; లేనిచో ఒకే దెబ్బ వాటిని వేర్వేరు క్షణములలో చేరి, కలిపినపుడు నాదము పలుచబడును. ఆంగ్ల ఇంజనీరు గ్లిన్ జాన్స్ మూడు నాలుగు మైకులతోనే డ్రమ్ సెట్టంతయు రికార్డు చేసెను. మనకు డజను మైకులేల?

ఇరుకు నడవాకంటె డాబా మేలు.

తల్లిదండ్రులారా, కూలికై వచ్చి ఈ నగరమును కట్టిన కామాఠీల పేరే ఈ పేటకు నిలిచినది. వర్లీలో బి.డి.డి. చాళ్లు ఒక్కొక్కటిగా కూలుచున్నవి. డప్పెరిగిన పెద్దలను ఈ దసరాకు ముందే డాబాపైకి పంపుడు. డప్పు కాచుటకు నిప్పు మీరు సిద్ధపరచుడు. మైకు మేము తెత్తుము.