సూది వేరు, ముద్ర వేరు

ఆంగ్లభాషను బోధించి జీవనము గడపుకొనుటకై పరదేశములకు బోవు ఉపాధ్యాయుడు విమానమెక్కుటకు ముందు వైద్యుని గుమ్మము త్రొక్కక తప్పదు. అచ్చట అతనికి జరుగునవి రెండు. ఒకటి, అతనిని, అతని శిష్యులను రోగమునుండి కాపాడుటకై వేయు టీకా. రెండవది, అతడు ఏ దేశస్థుడో విచారించి, పరదేశి యగుటచేతనే రోగియై యుండునని శంకించి చేయు పరీక్ష. ఈ రెండును ఒకే కాగితముమీద నెక్కుచుండుటచేత లోకము రెంటిని ఒక్కటిగా భావించుచున్నది. మొదటిదానిని మేము సర్వవిధముల సమర్థింతుము. రెండవదానిని ఖండింతుము. టీకాకు భుజమిచ్చుట వివేకము. నుదుట ముద్ర వేయించుకొనుట దాస్యము. ఈ భేదమును మన ప్రజలును, మన ప్రభుత్వమును ఇంతవరకు గుర్తింపకపోవుటయే మా వ్యథ.

మొదట టీకాను గూర్చి చెప్పవలసినది చెప్పెదము. ఉపాధ్యాయుని వృత్తి ఒక గదిలో నలుబది మంది పిల్లలతో గంటలకొలది ఒకే గాలి పీల్చు వృత్తి. తట్టు సోకినవాడు గదిని విడిచిపోయిన పిమ్మట సయితము రెండు గంటలవరకు ఆ గాలిలో రోగబీజములు నిలిచియుండును. కంఠసర్పి, కోరింత దగ్గు కూడ తుంపరలతోనే వ్యాపించును. ఇట్టి రోగములకు టీకాలు వేయించుకొనక పరుల బిడ్డల నడుమ నిలుచువాడు తన ప్రాణమునకే గాదు, వారి ప్రాణములకును అపరాధి. టైఫాయిడు, కామెర్లు కలిగించు ఏ, బి వైరసులు, ధనుర్వాతము, పోవు దేశమునుబట్టి మెదడువాపు జ్వరము, కుక్కకాటు రోగము, వీనికెల్ల టీకాలు గలవు. వీనిలో కొన్నింటికి వారముల వ్యవధిలో రెండు మూడు మారులు సూది వేయింపవలసియుండును గావున ప్రయాణమునకు ముందురోజు వైద్యుని వెదకుట వ్యర్థము. హైలే సెలాసీ చక్రవర్తి కాలమునుండి భారతీయోపాధ్యాయులు ఎక్కువగా పోవుచున్న ఇథియోపియా ఎల్లో ఫీవరు గల దేశము. ఆ టీకాను ప్రభుత్వము నియమించిన కేంద్రములలోనే, హైదరాబాదునందు నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థ వంటి చోట్ల, వేయించుకొనవలెను. వేసిన పది దినములకుగాని ధ్రువపత్రము చెల్లదు. 2016 జూలైనుండి ఒకమారు వేసిన సూది జన్మాంతమువరకు చెల్లునని అంతర్జాతీయ నిబంధన. ఈ పత్రములేక ఆ దేశములనుండి తిరిగివచ్చువానిని మన ప్రభుత్వము సయితము ఆరు దినములవరకు వేరుపరచి యుంచగలదు. ఇందు అవమానమేమున్నది? ఈ నియమము భారతీయుడని, ఆంగ్లేయుడని, ఇథియోపియనని చూడదు. దోమ ఎవరిని కుట్టునో వారినెల్ల ఒకే తీరున చూచును. న్యాయమైన ఆరోగ్యశాసనమునకు ఇదియే లక్షణము.

ఇక రెండవదాని చరిత్రను తెలియగోరువారు 1897వ సంవత్సరపు జనవరి నెలను జ్ఞప్తికి దెచ్చుకొనవలెను. ఆ నెల 10వ తేదీన బొంబాయి నగరములో వాల్డెమార్ హాఫ్‌కిన్ అను శాస్త్రజ్ఞుడు తాను సిద్ధపరచిన ప్లేగు టీకామందును మొట్టమొదట తన శరీరమునకే ఎక్కించుకొనెను. సరిగా ఆ దినములలోనే, అదే బొంబాయి ప్లేగు పేరు చెప్పి, దక్షిణాఫ్రికాయందలి డర్బన్ రేవువెలుపల కూర్‌లాండ్, నాదెరీ అను రెండు ఓడలను నేటాలు ప్రభుత్వము మూడు వారములకు పైగా క్వారంటీనులో నిలిపియుంచెను. ఓడలలో ప్లేగు రోగి ఒక్కడును లేడు. ఉన్నవారు భారతీయులు, వారిలో ఒకరు మోహనదాసు కరంచందు గాంధీ. రేవులోని తెల్లవారు కోరినది రోగము తొలగుట కాదు, ఆ ప్రయాణికులు వచ్చినదారినే తిరిగిపోవుట. 13వ తేదీన గట్టున దిగిన గాంధీగారిని గుంపు రాళ్లతోను గ్రుడ్లతోను కొట్టినది. ఆ సంవత్సరమే నేటాలు శాసనసభ క్వారంటీను చట్టమును, దానివెంబడి యూరపు భాషయందు దరఖాస్తు వ్రాయలేనివానికి ప్రవేశము లేదను వలస నిరోధక చట్టమును చేసెను. రోగము ఒక్కటే. హాఫ్‌కిన్ దానితో యుద్ధము చేసెను. నేటాలు ప్రభుత్వము దానిని సాకుగా జేసికొనెను. అప్పుడు ఆంగ్లము రాదను నెపమున మనలను గెంటిరి. నేడు ఆంగ్లము నేర్పుటకు బోవువాని రక్తమును శంకించుచున్నారు. నెపము మారినది, బుద్ధి మారలేదు.

ఇది పాత కథయని త్రోసివేయువారికి దక్షిణ కొరియా చరిత్ర చాలును. ఆ దేశమున ఆంగ్లభాషకు గల గిరాకి అందరికి దెలిసినదే. ఆంగ్లము మాతృభాషగాగల కొన్ని దేశములనుండి వేలకొలది యువకులు అచ్చటి పాఠశాలలకు పోవుదురు. 2010 జనవరి 1వ తేదీన అమలులోనికి వచ్చిన భారత–కొరియా ఆర్థిక భాగస్వామ్యపు ఒప్పందము సహాయోపాధ్యాయులుగా భారతీయులకును ఆ ద్వారమును తెరచినది. 2007లో, అంతకుముందు కొరియాలో ఉపాధ్యాయుడుగా నుండిన ఒక విదేశీయుడు పిల్లలపట్ల చేసిన ఘోరమైన నేరములకుగాను థాయిలాండులో పట్టుబడెను. దేశమంతయు కలవరపడినది. కలవరపడుట సహజమే. కాని ఆ ప్రభుత్వము చేసినదేమి? ఆంగ్లము బోధింప వచ్చు విదేశీయులకు మాదకద్రవ్యముల పరీక్షతోపాటు హెచ్.ఐ.వి. పరీక్షను నిర్బంధము చేసెను. ఒకడు చేసిన నేరమునకును, వేలమంది రక్తములోని వైరసుకును సంబంధమేమి? కొరియా పౌరులగు ఉపాధ్యాయులకు ఆ పరీక్ష లేదు. కొరియా సంతతివారై పరదేశమునుండి వచ్చినవారికిని లేదు. అనగా వైరసునకు వంశవృక్షము తెలియునన్నమాట!

2009లో ఉల్సాన్ నగరమున న్యూజీలాండు దేశస్థురాలగు ఒక ఉపాధ్యాయిని రెండవమారు ఈ పరీక్షకు ఒప్పుకొనక నిరాకరించినది. ఆమె రోగి కాదు. మొదటిమారు పరీక్ష జరిగియే యున్నది. సహోద్యోగులకు లేని పరీక్ష తనకేలయని అడిగినది, అంతియే. ఆమె ఉద్యోగపు ఒడంబడిక పొడిగింపబడలేదు. మధ్యవర్తుల యెదుట వాదము జరిగినపుడు, ఈ పరీక్ష విదేశీయోపాధ్యాయుల విలువలను, నడవడిని పరిశీలించు సాధనమని విద్యాశాఖవారే ఒప్పుకొనిరి. ఈ ఒక్క మాటతో ముసుగు తొలగినది. రోగనివారణమునకు గాదు, శీలపరీక్షకట! ఆమె ఐక్యరాజ్యసమితివారి జాతివివక్ష నిర్మూలన సంఘమునకు మొరపెట్టుకొనగా, ప్రజారోగ్యదృష్ట్యా ఈ పరీక్షకు సమర్థన కానరాదనియు, ఇది పని చేయు హక్కును జాతి భేదముచే భంగపరచుటయనియు ఆ సంఘము 2015లో తీర్పు చెప్పినది. 2017లో కొరియా ప్రభుత్వము ఆ పరీక్షను తొలగించినది. 2019లో సియోలు న్యాయస్థానము ఆమెకు 3 కోట్ల వన్ల నష్టపరిహారము చెల్లింపుమని ప్రభుత్వమును శాసించినది. ఒక్క స్త్రీ, ఒక్క ప్రశ్న, పదియేండ్ల పోరాటము! వేలమంది మౌనముగా భుజము చాచి పోయినచోట ఆమె నిలిచినది గనుకనే తరువాత వచ్చువారికి ఆ అవమానము తప్పినది.

ఇచ్చట ఒక ఆక్షేపణ వినవచ్చును. “ప్రతి దేశమునకును తన గుమ్మములోనికి ఎవరిని రానీయవలెనో నిర్ణయించుకొను స్వాతంత్ర్యము గలదు గదా! స్వరాజ్యమునకై పోరాడిన మీరే దీనిని కాదందురా?” అని. కాదనము. కాని గుమ్మమున కావలియుండు హక్కు అసత్యమాడు హక్కు గాదు. క్షయరోగము దగ్గుతో వ్యాపించును గావున, పిల్లల నడుమ పనిచేయు ప్రతివానికిని క్షయపరీక్ష చేయుడు. స్వదేశికిని చేయుడు, పరదేశికిని చేయుడు. రోగి కనబడినచో మందిచ్చి, మానిన పిమ్మట పనిలో చేర్చుకొనుడు. మాకు ఆక్షేపణ లేదు. హెచ్.ఐ.వి. యన్ననో పాఠము చెప్పుటవలన, సుద్దముక్క నందిచ్చుటవలన, భుజము తట్టుటవలన సోకదు. సక్రమముగా మందు తిని రక్తములో వైరసు కానరాని స్థితికి వచ్చినవానినుండి శరీరసంబంధము వలనను సోకదని నేటి వైద్యశాస్త్రము నిర్ధారించినది. ఇట్టిదానిని తరగతిగది గుమ్మమున వెదకుటలో ఆరోగ్యము లేదు, అనుమానమే యున్నది.

పరులను నిందించునపుడు మన యింటిని దాచుకొనుట ధర్మము కాదు. 1980ల చివర మన దేశమే విదేశీ విద్యార్థులకు ఎయిడ్సు పరీక్షలు నిర్బంధించి, ఆఫ్రికా విద్యార్థుల మనస్సులను గాయపరచినది. డర్బన్ రేవులో మనకు జరిగినదానిని మనము మన అతిథులకు చేసితిమి. తరువాత మనకు బుద్ధి వచ్చినది. ఉద్యోగమిచ్చుటకు ముందు హెచ్.ఐ.వి. పరీక్ష కోరరాదనియు, ఎరుకతోగూడిన సమ్మతిలేక ఎవరిని పరీక్షింపరాదనియు, పరీక్షకు ముందును తరువాతను హితబోధ చేయవలెననియు, ఫలితమును రహస్యముగా నుంచవలెననియు మన పార్లమెంటు 2017లో చట్టము చేసినది. 2018 సెప్టెంబరు 10వ తేదీనుండి అది అమలులో నున్నది. అది మంచి చట్టము.

అయినచో మేము అడుగుచున్నాము: ఆ చట్టము హైదరాబాదు నగరములో ఎచ్చటనుండి ఎచ్చటివరకు చెల్లును? గల్ఫు దేశములలోని పాఠశాలలలో ఆంగ్లము బోధింపబోవు మన తెలుగు పంతులు, మన తెలుగు పంతులమ్మ, ఆ దేశముల ఆరోగ్యమండలి గుర్తించిన కేంద్రమునకు, మన గడ్డమీదనే, పోవలెను. అచ్చట ఎక్సురే తీయుదురు. రక్తము తీసి హెచ్.ఐ.వి., కామెర్ల వైరసులు, సవాయిరోగము వెదకుదురు. స్త్రీలకు గర్భపరీక్ష చేయుదురు. ఎన్నడో మందు తిని పూర్తిగా మానిన క్షయరోగపు మచ్చ ఊపిరితిత్తులలో కనబడినను “అన్‌ఫిట్” అను ఒక్క మాట వ్రాసి పంపివేయుదురు. ఆ మాటతో ఆ మనుష్యుని ఉద్యోగము, అప్పుచేసి కట్టిన సొమ్ము, ఊరిలోని మర్యాద ఒక్కసారిగా పోవును. విదేశప్రభుత్వము తన నియమమును తాను చేసికొనవచ్చును, మన చట్టము దానిని బంధింపజాలదని వాదింతురు గాక. కాని కేంద్రము భారతభూమిమీద నున్నది. రక్తము తీయు చేయి భారతీయునిది. సమ్మతి, హితబోధ, రహస్యము అను మూడును ఆ గదిలోని వైద్యునికి వర్తింపవని ఏ న్యాయవాదియు చెప్పజాలడు. ఇవి అచ్చట సక్రమముగా జరుగుచున్నవో లేదో తనిఖీ చేయుట మన ప్రభుత్వపు విధి.

కావున మా కోరికలు స్పష్టము. మన ప్రభుత్వము ఏ దేశముతోనైనను ఉపాధ్యాయులను పంపు ఒప్పందము చేసికొనునపుడు, ఆ దేశపు ఉపాధ్యాయునికి లేని వైద్యపరీక్ష మన ఉపాధ్యాయునికి ఉండరాదను నియమమును అందు చేర్పించవలెను. మన గడ్డమీద పరీక్షలు జరుపు ప్రతి కేంద్రమును, అయోగ్యుడనినచో కారణమును వ్రాతమూలముగా నీయవలెను. వేరొక చోట పునఃపరీక్షకు అవకాశ మీయవలెను. రోగము బయటపడినవానిని వీధిలోనికి త్రోయక వైద్యశాలకు పంపవలెను. హెచ్.ఐ.వి.కి 2004నుండి మన ప్రభుత్వ వైద్యశాలలలో ఉచితముగా మందులిచ్చుచున్నారు. క్షయకును ఉచితవైద్యము గలదు. మందు గలిగియుండగా తిరస్కారమును మాత్రమే చేతబెట్టి పంపుట పాపము. ప్రయాణికులకు వలయు టీకాలు, సలహాలు రాజధానిలోనే గాక జిల్లాకేంద్రములయందును దొరకునట్లు చేయవలెను.

మన ఉపాధ్యాయులతోడను ఒక మాట. సోదరులారా, సోదరీమణులారా! సూది వేయించుకొనకుండ ధ్రువపత్రమును మాత్రము కొనుక్కొని పోవు కుత్సితమునకు ఎన్నడును లోబడకుడు. ఎల్లో ఫీవరు దోమకు ఆ దొంగపత్రము చదువను రాదు. మీలో ఒక్కడు దొంగపత్రముతో పట్టుబడినచో, భారతీయుల పత్రములన్నియు అట్టివేయని పరులు ముద్ర వేయుదురు. ఆ ముద్రకు అప్పుడు మనమే సిరా నిచ్చినవారమగుదుము. టీకాలు సకాలమున వేయించుకొనుడు. ఏ పరీక్షకైనను పోవునపుడు ఇది దేనికి, ఇది అచ్చటివారికిని గలదా, ఫలితము ఎవరికి దెలియునని అడుగుడు. అడిగినంతమాత్రమున ఉద్యోగము పోవునని భయపడకుడు. ఉల్సానులో ఒక్క ఉపాధ్యాయిని అడిగిన ప్రశ్నకు ఒక రాజ్యమే సమాధానము చెప్పుకొనవలసివచ్చినది.

పరభాషను బోధించుటకై పరదేశమునకు బోవుట తప్పు గాదు, తక్కువయు గాదు. కాని గురువుగా బోవువాడు గురువుగానే గుమ్మము దాటవలెను. రోగమును వెదకువానికి మన రక్తమునిత్తము. జాతిని వెదకువానికి ఒక్క బొట్టయినను ఈయకుందము.